ఆర్పీగారి అమ్మాయి

చదవలేని పిల్లల్ని ఎలా గుర్తుపట్టాలో మా ఆయన మండలంలోని టీచర్లకు నేర్పిన వారంలోనే మా అమ్మాయి షీబా చెవి వెనక గోరు దిగి గాటు పడింది. రెండు పనులూ ఆయన చేతులే చేశాయి. మొదటి సంగతి మా చుట్టాల్లోనూ, చర్చి సంఘంలోనూ అందరికీ తెలుసు. శాలువా ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. రెండోది తెలిసినవాళ్లు తక్కువ. అందుకని రాస్తున్నాను.

2017 ఎండాకాలం. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే రోడ్డు పక్క సందులో మా ఇల్లు. మా ఆయన శాంతికుమార్ హైస్కూల్లో బయాలజీ మాస్టారు. మంచి మాటకారి. చర్చిలో అయ్యగారు ఊరెళ్తే వాక్యం చెప్పేది ఆయనే. ఆ గొంతు చూసే కాబోలు ఆ ఏడు ఆయన్ని ఆర్పీగా వేశారు. ఆర్పీ అంటే విశాఖపట్నంలో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుని వచ్చి, ఇక్కడ తన మండలంలో మిగతా టీచర్లకు నేర్పే మనిషి. ఈసారి నేర్పాల్సింది డిస్లెక్సియా. చూపు బాగుంటుంది, చెవి బాగుంటుంది, తెలివి ఉంటుంది, అక్షరాలు మాత్రం పట్టుబడవు. అలాంటి పిల్లల గురించి.

విశాఖపట్నం నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన వీధి వరండాలో కుర్చీ వేసుకుని పిలిచారు.

"షీబా! పేపరు!"

సెలవులన్నాళ్లూ అదే వరస. ఐదో తరగతికి వచ్చే పిల్ల మెట్టు మీద నిలబడి పేపర్లో పెద్ద అక్షరాలు గట్టిగా చదవాలి. పక్కింటివాళ్లు ఆ వేళకి వీధి కుళాయి దగ్గర బిందెలతో ఉండేవారు. వాళ్లు వింటేనే దీనికి సిగ్గొచ్చి చదువుతుందని ఆయన లెక్క.

"జిల్లాలో..." అంది షీబా. తర్వాతి మాట మీద వేలు పెట్టింది. పెదాలు కదిలాయి. "జిల్లాలో... వానలు."

"వానలా? ఏదే వాన? వడగాడ్పులకి జనం మాడిపోతన్నారని వాడు రాస్తే, నీకు వాన పడిపోతందేటి?"

కుళాయి దగ్గర ఎవరో నవ్వారు. షీబా కూడా నవ్వబోయింది, అది తన గురించే అని తెలిసి ఆగిపోయింది.

"వదిలీరా దాన్ని, కడుపులో నొప్పంతంది పొద్దున్నుంచీ," అంది మా అత్త లోపల్నుంచి.

"దీనికి రోజూ ఈ వేళకే నొప్పొస్తాదమ్మా. పేపరు మడత పెట్టీగానే పోతాది."

ఆ మాట నిజమే. అది ఎందుకు నిజమో ఆ మనిషి అప్పటికే నేర్చుకుని వచ్చాడని నాకు తెలీదు.

షీబాకి చదవడం రాదంటే మా చర్చిలో ఎవరూ నమ్మరు. కంఠత వాక్యాల పోటీలో ఏటా మొదటి బహుమతి దానిదే. పెద్ద కీర్తన ఒకటి మొదలుపెడితే చివరిదాకా ఎక్కడా తడుముకోదు. నేను వంట చేస్తూ గట్టిగా చదువుతాను. అది చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటుంది. రెండోసారి చదివేసరికి నాతో కలిపి అనేస్తుంది. ఆదివారం బైబిలు గ్రంథం చేతిలో పట్టుకుని, వేలు వరస వెంట జరుపుకుంటూ చెప్పేది. ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో కూడా దానికి కంఠతా వచ్చు. చూసేవాళ్లకు చదువుతున్నట్టే ఉండేది. అందుకే కాన్వెంటులో టీచర్లూ, ఇంట్లో ఆయనా, చుట్టాలూ అందరిదీ ఒకటే మాట. ఇంత పెద్ద కీర్తన వచ్చిన పిల్లకి రెండో తరగతి వాచకం రాకపోవడమేంటి? పొగరు. ఒళ్లు బద్ధకం. నాలుగు తగిలిస్తే అదే వస్తుంది.

*

ట్రైనింగ్ కాగితాలు ఆయన నా ముందు పడేశారు. "నువ్వు బి.ఏ. తెలుగు కదా, కాస్త చూడు. ఇంగ్లీషులోంచి ఎవడు చేసేడో గానీ నోరు తిరగట్లేదు."

చూశాను. 'విద్యార్థి యొక్క పఠన ప్రక్రియ యందు గల వైకల్య సూచికలను ఉపాధ్యాయుడు పరిశీలనాత్మకముగా గుర్తింపు చేయవలెను.' కాగితం నిండా ఇలాంటివే. ఆ ముక్కలు చదవడానికి పెద్దవాళ్లే కూర్చుని కూడబలుక్కోవాలి. నేను కొట్టేసి పైన రాశాను: 'పిల్ల చదువుతున్నప్పుడు పక్కన కూర్చుని వినండి. ఎక్కడ ఆగుతోందో చూడండి.'

"ఇలగ రాస్తే ట్రైనింగ్ అనరే, కబుర్లంటారు," అన్నారాయన. అంటూనే దాన్ని తీసుకుని గట్టిగా చదువుకున్నారు. బాగుందనిపించిందేమో, మిగతాదంతా కూడా రాసిపెట్టమన్నారు.

రోజూ మధ్యాహ్నం అంట్లు అయ్యాక కూర్చుని రాశాను. లక్షణాల దగ్గరికి వచ్చేసరికి పెన్ను నెమ్మదించింది. మొదటి అక్షరం చూసి మాట ఊహించడం. ఒత్తులూ గుడులూ వదిలేయడం. ఒకే మాట పై వరసలో చదివి కింది వరసలో చదవలేకపోవడం. విన్నది మాత్రం బాగా గుర్తుండటం. అందరి ముందూ చదవమంటే కడుపునొప్పి, తలనొప్పి అనడం. అవి నొప్పులే, సాకులు కావు.

పక్క గదిలో షీబా వాళ్ల మామ్మకి ఏదో కథ చెబుతోంది. ముసలావిడ "ఆఁ, ఆఁ" అంటోంది.

నేను రాశాను: 'ఇది జబ్బు కాదు. తెలివి తక్కువ కాదు. తప్పు పిల్లది కాదు. ముందు ఆ మాట పిల్లకి చెప్పండి.' అచ్చు కాగితంలో ఈ నాలుగు ముక్కలకీ ఒక పేజీ పట్టింది.

ఆయన బడి పనులేవో చూసుకుని వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చెప్పాను. "ఇందులో ఉన్నదంతా షీబాయే."

ఆయన తువ్వాలు కోసం చెయ్యి చాపారు. "పుస్తకంలో రోగం పేరు చూస్తే ప్రతోడికీ తనకే ఉన్నట్టుంటాది. మా బయాలజీ స్టూడెంట్లు కూడా ఇంతే."

"మొదటి అక్షరం చూసి ఊహిస్తోంది. మొన్న పొద్దున్న వాన అంది చూడండి..."

"జ్ఞానం," అని నన్ను పేరు పెట్టి పిలిచారు. "దానికి జ్ఞాపకం ఎంతుందో చూసేవా? అంత జ్ఞాపకం ఉన్న పిల్లకి డిస్లెక్సియా ఏటి? నువ్వు మరీను."

"విన్నది బాగా గుర్తుంటుందని ఇందులోనే ఉంది. నేనే రాశాను."

"రాయమన్నాను గానీ దానికి డాక్టరువి అవమనలేదు." తువ్వాలు నా భుజం మీద వేసి లోపలికి వెళ్లిపోయారు.

ఆ వారమే బోర్డింగ్ సంగతి చెప్పారు. శృంగవరపుకోట దాటాక కొండల దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూలు. తెల్లారకుండా లేపి చదివిస్తారట. రానివాళ్లని వచ్చేదాకా నిలబెడతారట. అంతా మాట్లాడేసి వచ్చారు. బడులు తెరిచే రోజున దింపాలి. ఆకుపచ్చ ట్రంకు పెట్టె వచ్చేసింది. పిల్లల బట్టలు కలిసిపోకుండా ప్రతి దాని కాలరు లోపలా నంబరు కుట్టి పంపమన్నారు. నల్లదారంతో గౌన్లకీ, లోదుస్తులకీ, తువ్వాళ్లకీ, దుప్పటికీ నేనే కుట్టాను. షీబా పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది.

"అమ్మా, అక్కడ రాత్రి ఎవరైనా చదివి వినిపిస్తారా?"

"అడుగుతాను."

"వినిపించకపోతే నాకెలా వస్తాది?"

ఆ నంబరు నా చేతిలో వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టలేదు.

ఆయన అద్దం ముందు ట్రైనింగ్ పాఠం ప్రాక్టీసు చేసుకునేవారు. నేను రాసిన మాటలే, చర్చి గొంతుతో. చెయ్యి ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ ఆగాలో కూడా చూసుకునేవారు. షీబా అక్కడే నేల మీద కూర్చుని ఆయన బూట్లకి పాలిష్ పెడుతుండేది.

*

ఆదివారం వీబీఎస్ ముగింపు. సెలవుల్లో పిల్లలకు చర్చిలో నడిపే క్లాసులవి. చివరి రోజు పెద్దలందరూ వస్తారు. షీబా తెల్ల గౌను వేసుకుంది. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అతిథి. షీబా గ్రంథం పట్టుకుని కీర్తన 'చదివింది'. వేలు జరిగింది, పేజీ సరైన చోట తిరిగింది. చివరికి వచ్చేసరికి ఆ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది.

"ఎంత చక్కగా చదివావు తల్లీ! దాని తర్వాతది కూడా చదువమ్మా, నీ నోట వినాలనుంది."

ఆమె ప్రేమగానే అడిగింది.

షీబా నా వైపు చూసింది. నేను మూడో బెంచీలో ఉన్నాను. ఆయన ముందు వరసలో, సంఘ పెద్దల పక్కన. షీబా వేలు పేజీ మీద కాసేపు ఆడింది. తర్వాత నోరు తెరిచి, గట్టిగా, తప్పు లేకుండా, తనకు వచ్చిన ఇంకో కీర్తన మొదలుపెట్టింది.

జనం చేతుల్లో గ్రంథాలు తెరిచి ఉన్నాయి. అందులో ఉన్నది ఒకటి, వినపడుతున్నది ఒకటి. మొదట ఎవరో పేజీ తిప్పారు, తాము తప్పు చోట ఉన్నామేమో అని. తర్వాత అందరూ తిప్పడం మొదలుపెట్టారు. పిల్ల గొంతు వెనక కాగితాల చప్పుడు. పెద్దావిడ తన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. అయ్యగారు మంచివారు, మధ్యలోనే "ఆమేన్" అన్నారు. అందరూ "ఆమేన్" అన్నారు. షీబా పుస్తకం మూసి వచ్చి కూర్చుంది.

ఆయన వెనక్కి తిరగలేదు. మెడ ఎర్రబడింది.

ప్రార్థన అయ్యాక నేను వెళ్లేసరికి చర్చి వెనక, కుళాయి దగ్గర, షీబా చెవి ఆయన వేళ్ల మధ్య ఉంది.

"పేజీ చూసి చదవడానికేటే నీకు? కళ్లు లేవా? నలుగురి ముందూ నాటకాలాడతావా? నా పరువు తీస్తావా?"

పిల్ల ఏడవడం లేదు. మునివేళ్ల మీద నిలబడి ఉంది, ఆయన చెయ్యి ఎత్తు అందుకోడానికి. నేను ఆయన మణికట్టు పట్టుకుని తీసేశాను. పెళ్లయ్యాక ఆయన చేతిని నేనలా పట్టుకోవడం అదే మొదటిసారి.

"వదులు, అందరూ చూస్తన్నారు," అన్నారు.

"చూడనీండి."

తెల్ల గౌను కాలరు మీద రక్తం బొట్లు పడ్డాయి. ఆయన వెళ్లిపోయాక కుళాయి తిప్పి చెవి కడిగాను. గాటు చిన్నదే గానీ లోతుగా ఉంది.

"అది నాకెవరూ వినిపించలేదమ్మా," అంది షీబా. "వినిపిస్తే చెప్పీసేదాన్ని."

*

మర్నాడు పొద్దున్న ట్రైనింగ్‌కి వేసుకునే చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. లేత నీలం. ఆయన గడ్డం గీసుకుంటున్నారు.

నేను అడిగింది ఒకటే. "మీకు నిజంగా అనుమానం రాలేదా?"

అద్దంలోంచి నా వైపు చూశారు. ఆ రోజు ఆ గొంతులో చర్చి లేదు.

"అనుమానమేటి. తెలుసు."

ఇస్త్రీ పెట్టె చొక్కా చేతి మీద ఉంది. ఎత్తాను.

"విశాఖపట్నం ట్రైనింగ్‌లో ఆ మేడం ఒక్కొక్కటీ చెబుతుంటే మన షీబాయే కళ్ల ముందుంది. ఆ పూట అన్నం కూడా తినలేకపోయేను."

"మరి?"

"మరేటి. ఆర్పీ కూతురికే ఉన్నాదంటే ఆ హాల్లో నా మాట ఎవడింటాడు? ఆడపిల్ల. రేపు సంఘంలో ఏదో ఉన్న పిల్లని పేరు పడిపోతాది. బోర్డింగ్‌లో అయితే ఎవరికీ తెలీదు. వాళ్లే నాలుగు తగిలించి లైన్లో పెడతారు." బ్లేడు కడిగి, "నువ్వు కూడా ఎక్కడా అనకు," అన్నారు.

తెలియక చెయ్యి చేసుకుంటున్నాడని అన్నాళ్లూ అనుకున్నాను. తెలియని మనిషికి చెప్పుకోవచ్చు, ఎదురు చూడొచ్చు. ఈయన చర్చి వెనక చెవి మెలిపెట్టినప్పుడు కూడా, 'అవి సాకులు కావు' అన్న ముక్క జేబులోనే ఉంది.

స్విచ్ తీసేశాను. చొక్కా ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, ఒక చెయ్యి కాలేదు. అలాగే మడత పెట్టి మంచం మీద ఉంచాను.

*

ఆ రోజే ట్రైనింగ్ మొదలు. ఆయన వెళ్లిన కాసేపటికి ఫోన్ వచ్చింది. చార్టులు ఇంట్లో మర్చిపోయారు, తెచ్చిపెట్టమన్నారు. ఆ చార్టులు కూడా నేను వేసినవే. షీబాని అత్త దగ్గర ఉంచి ఆటోలో వెళ్లాను.

హైస్కూలు హాలు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. కాగితం కప్పుల్లో టీ, పొట్లాల్లో మిక్చర్. చార్టులు ఇచ్చేసి వెళ్లిపోదామనుకుంటే ఎం.ఈ.ఓ. గారు, "కూర్చోండమ్మా, మీ సారు పాఠం వినండి," అని వెనక కుర్చీ చూపించారు. కూర్చున్నాను. నీలం చొక్కా ఎడమ చెయ్యి నలిగి ఉంది.

రిటైర్మెంటుకి దగ్గరపడిన జగన్నాధం మాస్టారు లేచి, "మా రోజుల్లో బెత్తం ఉండేది బాబూ, అందుకే ఈ జబ్బులుండేవి కావు," అన్నారు. హాలంతా నవ్వింది.

"మాస్టారూ," అన్నారు మా ఆయన, నవ్వు తగ్గేదాకా ఆగి. "ఇది జబ్బు కాదు. మీ బెత్తానికి భయపడి ఆ పిల్లలు బడి మానీసేరు. అందుకే మీకు కనిపించలేదు."

చప్పట్లు. జగన్నాధం మాస్టారు కూడా కొట్టారు. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

కిటికీ పక్క నుంచి ఒకామె చెయ్యెత్తింది. మెళ్లో ఐడీ కార్డు, నూలు చీర. సముద్రం ఒడ్డు పేటలో ప్రాథమిక బడి టీచరు. కూర్మమ్మ అని పిలిచారు.

"సారూ, బళ్లో పిల్లల సంగతి సెప్పేరు, బాగున్నాది. మన ఇంట్లోనే అలాటి పిల్ల ఉంటే ఏటి సెయ్యాల? ముందు ఎక్కడ మొదలెట్టాల?"

మా ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ముందు కొట్టడం మానాలమ్మా. అందరి ముందూ గట్టిగా చదివించకూడదు. మనం చదివి వినిపించాలి, పిల్ల వేలు మాట మీద ఉండాలి. ఎక్కువ టైమివ్వాలి. అన్నిటికన్నా ముందు పిల్లని దగ్గరికి తీసుకుని, తప్పు నీది కాదు అని చెప్పాలి. ఆ ఒక్క మాట కోసం ఆ పిల్ల ఎన్నేళ్లుగా ఎదురు చూస్తోందో!"

చివరి వాక్యం నేను రాయలేదు. అక్కడికక్కడ అల్లారు. దానికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. ముందు వరసలో ఒకామె కళ్లు ఒత్తుకుంది.

కూర్మమ్మ కూర్చోలేదు. "అదే సారూ, మరి అందరు పిల్లల మద్దెన ఆ ఒక్కదానికి ఎప్పుడు సెప్పాల? ఎలగ సెప్పాల? ఒక్కసారి సేసి సూపించండి."

"అదంతా మాడ్యూల్లో ఉందమ్మా, చదువుకోండి," అన్నారాయన వాచీ చూసుకుంటూ. "భోజనాలకి లేద్దాం."

చేతులు కడిగే చోట కూర్మమ్మ నా పక్కకి వచ్చింది.

"మీ సారు మాటలు బాగా సెప్తారమ్మా."

"మీ ఇంట్లో ఎవరున్నారు అలాగ?" అన్నాను.

"మా అన్న. ఉన్నాడంటే, పిల్లోడప్పుడు. రోజూ దెబ్బలే. మా అయ్య బళ్లోకే వచ్చి కొట్టీవోడు. ఒకరోజు పలక సముద్రంలోకి ఇసిరీసి పడవెక్కీసేడు. ఇప్పుడు కూడా బడి గోడ పక్కనించి నడవడమ్మా, సుట్టూ తిరిగి ఎల్తాడు. నా బళ్లో ఇద్దరున్నారు అలాటోళ్లు. అందుకే అడిగీసేను." నవ్వింది. "సారుకి కోపమొచ్చినట్టున్నాది."

"మీకు వచ్చా, అలాంటి పిల్లలకి చెప్పడం?"

"నాకేటొచ్చు? ఇయాళే కదా పేరు తెలిసింది. పొద్దున్న బడి ముందు ఒక గంట కూసోబెట్టుకుందునా అని సూస్తన్నాను. నేర్సుకోవాలి."

హాల్లో అంతమందిలో నేర్చుకోవాలి అన్నది ఆమె ఒక్కతే.

"ఇంకో పిల్లని కూడా కూర్చోబెట్టుకుంటారా?" అన్నాను. "ఐదో తరగతి."

"ఎవులమ్మాయి?"

"మా అమ్మాయి."

కూర్మమ్మ నా మొహం చూసింది, తర్వాత తలుపులోంచి హాల్లోకి చూసింది. అక్కడ మా ఆయన విస్తరి ముందు కూర్చుని ఎవరికో చెయ్యి ఎత్తి ఏదో వివరిస్తున్నారు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "తీసుకొచ్చీండమ్మా," అంది.

*

ఆఖరి రోజు ఆయన శాలువాతో, జ్ఞాపికగా ఇచ్చిన అద్దాల బొమ్మతో ఇంటికొచ్చారు. అత్త శాలువా తడిమి చూసి కొడుకు తలకి దిష్టి తీసి మెటికలు విరిచింది. నేను వరండాలో ట్రంకు పెట్టె తెరిచి, గౌన్లు ఒళ్లో వేసుకుని బ్లేడుతో కాలర్లలోని నల్లదారాలు కోస్తున్నాను.

"అదేటి చేస్తన్నావు?"

"నంబర్లు తీస్తున్నాను."

"ఎందుకు?"

"షీబా అక్కడికి వెళ్లడం లేదు. కూర్మమ్మగారి బడికి వెళ్తుంది."

ఎవరో గుర్తుకు రావడానికి కాసేపు పట్టింది. "ఆ చేపల పేటలో బడికా? నీకేటైనా మతి పోయిందా? ఆర్పీ కూతుర్ని తీసుకెళ్లి అక్కడ పడేస్తే నలుగురూ ఏటనుకుంటారు?"

"మీ ట్రైనింగ్ ఒక్కరికైనా ఎక్కిందనుకుంటారు."

"ఏటే ఆ మాటలు, మొగుడితోని!" అంది అత్త.

"మీరుండండత్తా." ఇంకో దారం లాగాను. "మీరు కాదంటే రెండో బ్యాచ్ టీచర్ల ట్రైనింగ్‌కి నేనే వస్తాను. ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే ఏం చెయ్యాలని కూర్మమ్మగారు అడిగిందే, ఆ ప్రశ్న నేనడుగుతాను. ఎవరింట్లోనో కూడా చెప్పి అడుగుతాను."

ఆయన శాలువా కుర్చీ మీద పెట్టారు. జారి కిందపడింది. ఎవరూ తియ్యలేదు.

"సరే, నీ ఇష్టమొచ్చినట్టు తగలెయ్యి."

"ఇంకొకటుంది. తప్పు నీది కాదని పిల్లకి చెప్పమన్నారు హాల్లో. షీబా ఇక్కడే ఉంది. చెప్పండి."

షీబా గుమ్మంలో నిలబడి ఉంది. పేపరు కోసం పిలిచాడనుకున్నట్టు, చేతులు వెనక్కి పెట్టుకుని.

ఆయన గొంతు సవరించుకున్నారు. నేను నిజంగానే ఎదురు చూశాను. "షీబా," అన్నారు. తర్వాత ఇంకేదీ దొరకలేదు కాబోలు, ఆ హాలు గొంతే వచ్చింది. "చూడమ్మా, డిస్లెక్సియా అనేది... ఇది జబ్బు కాదు..."

అక్కడ ఆగిపోయారు.

షీబా ఒక అడుగు ముందుకు వేసింది. డాడీ మర్చిపోయాడనుకుంది. సండే స్కూల్లో పక్క పిల్ల మర్చిపోతే అందించినట్టు, నెమ్మదిగా అందించింది.

"తెలివి తక్కువ కాదు. తప్పు పిల్లది కాదు. ముందు ఆ మాట పిల్లకి చెప్పండి." ఆయన చెయ్యి ఎత్తే చోట చెయ్యి కూడా ఎత్తింది. "అక్కడ నీళ్లు తాగుతావు డాడీ. తర్వాత చార్టు." అని ఆయన మొహంలోకి చూసి, "తప్పు చెప్పానా?" అంది.

అంతా వచ్చు దానికి. బూట్లకి పాలిష్ పెడుతూ వారమంతా విన్నది. ఆ పాఠం ఎవరి గురించో మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు.

ఆయన పెరట్లోకి వెళ్లిపోయారు. బోరింగ్ కొడుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. నేను షీబాని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పాఠం దాని గురించే అని చెప్పాను. అది నమ్మలేదు. "నా గురించి అయితే డాడీ నాకు చెప్పేవాడు కదా," అంది.

మిగిలిన నంబర్లు ఇద్దరం కలిసి తీసేశాం.

*

బడులు తెరిచిన రోజు ఆయనకి రెండో బ్యాచ్ ట్రైనింగ్. "చొక్కా ఏదీ?" అని గదిలోంచి అడిగారు. తీగ మీద ఉందన్నాను. ఆరవేసింది ఆరవేసినట్టే ఉంది. ఇస్త్రీ పెట్టె ఎక్కడుందో ఆయనకి తెలుసు.

అరసవల్లి జంక్షన్లో శ్రీకూర్మం ఆటో ఎక్కాం. చేపల బుట్టలవాళ్లు దిగేసి వెళ్లిన ఆటో అది, నీచు వాసన. షీబా ముక్కు మూసుకోలేదు. దాని ఆలోచన వేరే ఉంది.

"అమ్మా, అక్కడ గట్టిగా చదవమంటారా?"

"అనరు."

"అన్నారంటే?"

"నేను బయటే కూర్చుంటాను."

బడి వరండాలో ఇసుక. తుడిచినా మళ్లీ వచ్చి పడుతూనే ఉంటుందట. గోడకి ఆనుకుని కూర్చున్నాను. లోపల కూర్మమ్మ గొంతు వినపడుతోంది, ఒకే వాక్యం మళ్లీ మళ్లీ చదువుతోంది. ఆమెకీ కొత్తే. మధ్యలో ఆగి, "ఉండండర్రా, నాకే తప్పిపోయింది," అంటే పిల్లలు నవ్వారు. ఆ నవ్వులో షీబా నవ్వు కూడా ఉంది.

ఇవన్నీ జరిగి చాన్నాళ్లయింది. షీబా ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతుంది. కానీ చదువుతుంది. ఆయన చెప్పాల్సిన మాట ఆయన ఇంకా చెప్పలేదు. ఎక్కడైనా ఆయన్ని వేదిక మీదికి పిలిస్తే నేను వెళ్లను. ఆ శాలువా నేను ఉతకలేదు.

ఆ రోజు మాత్రం మధ్యాహ్నం గంట కొట్టేదాకా చెవి గోడకి పెట్టుకునే కూర్చున్నాను. పిల్లల గొంతులు ఒక్కొక్కటే వస్తున్నాయి, పోతున్నాయి. షీబాని ఎవరూ నిలబెట్టలేదు. ఎవరూ గట్టిగా చదవమనలేదు.